పడవ ప్రయాణంలో చుట్టాల్ని ఎక్కడ, ఎలా కలుపుకోవాలి: లాంగోలెన్ కాలువ లెక్కలు

పడవ నడపడం ఒక పూటలో వచ్చేస్తుంది. దారి మధ్యలో ఎక్కే చుట్టాల్ని అనుకున్న వేళకు అనుకున్న గట్టు మీద కలవడం మాత్రం ముందుగా కూర్చుని లెక్క వేసుకుంటే తప్ప కుదరదు. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్ళు వేసవిలో రెండు వారాలకు కాలువ పడవ అద్దెకు తీసుకుని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో, వేరే నగరంలో ఉండే అక్కా బావల్నో రెండు మూడు రోజులు తమతో తిప్పాలనుకుంటారు. ఆలోచన చక్కనిది. చెడేది కలుసుకునే దగ్గరే. పడవ గంటకు మూడు మైళ్ళు కూడా కదలదు, ముందున్న లాకు (నీటి మట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల గది) దగ్గర నాలుగు పడవలు వరసలో ఉంటే గంట పోయినట్టే. అవతల పెద్దవాళ్ళు పెట్టెలు పట్టుకుని వానలో వంతెన మీద నిలబడి ఉంటారు.

కాలువల మీద ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళు చుట్టాలకు చోటు చెబుతారు, లేదంటే వేళ చెబుతారు, రెండూ కలిపి మాటివ్వరు. తప్పనిసరిగా రెండూ ఇవ్వాల్సి వస్తే పద్ధతి ఒకటే. కలిసే చోటికి పడవ ముందు రోజు సాయంత్రానికే చేరి కట్టేసి ఉండాలి. చుట్టాలు వచ్చే పూట అది అక్కడి నుంచి కదలకూడదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాటను నిలబెట్టుకోవడం గురించే.

ఉదాహరణకు లాంగోలెన్ కాలువను తీసుకుంటున్నాను. ఇంగ్లండ్‌లో నాంట్‌విచ్ దగ్గరున్న హర్ల్‌స్టన్‌లో మొదలై వేల్స్ కొండల్లోకి వెళ్ళే కాలువ ఇది. కోనసీమ వాళ్ళకు దీన్ని పెద్దగా వివరించనక్కర్లేదు. లాకు అన్నా, గట్టు అన్నా, అక్విడక్టు అన్నా వాళ్ళకు తెలిసిన మాటలే. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువ నీళ్ళను దాటించే కాటన్ కాలపు అక్విడక్టు, దాని పక్కన డొక్కా సీతమ్మ పేరు పెట్టిన కొత్తదీ చూసినవాళ్ళకు, అలాంటి దాని మీద పడవలో కూర్చుని డీ నదిని దాటడం ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. ఇంగ్లండ్‌లో ఇన్ని కాలువలుండగా చుట్టాల్ని పిలవడానికి దీన్నే ఎంచుకోమనడానికి కారణం, అసలు చూడాల్సినవన్నీ చివరి పన్నెండు మైళ్ళలో, రైలు స్టేషన్‌కు దగ్గరగా ఉండడం.

ఇక లెక్క. మైళ్ళకు లాకుల సంఖ్య కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. హర్ల్‌స్టన్ నుంచి లాంగోలెన్ ఊరి దాకా సుమారు 44 మైళ్ళు, 21 లాకులు. కలిపితే 65. మూడుతో భాగిస్తే దాదాపు 22 గంటలు. రోజుకు ఐదారు గంటల చొప్పున నాలుగు రోజులు. కాలువ మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్ళు అని రాసి ఉంటుంది కదా అని నాలుగుతో భాగించకండి. గట్టున కట్టేసిన పడవల్ని దాటేటప్పుడు ఇంజన్ వేగాన్ని పూర్తిగా తగ్గించాలి. లేకపోతే మీ పడవ లాగే నీటికి వాటి మేకులు ఊడి వస్తాయి. ఎండాకాలంలో అలా కట్టేసిన పడవలు వరసగా అర మైలు పొడవునా ఉంటాయి.

ఈ కాలువకు ఇంకో గుణం ఉంది. ఇందులో నీరు నిలవ ఉండదు, పారుతుంది. లాంగోలెన్ పైన హార్స్‌షూ ఫాల్స్ దగ్గర డీ నది నుంచి మళ్ళిన నీళ్ళు హర్ల్‌స్టన్ రిజర్వాయరు దాకా వెళ్ళి తాగునీరవుతాయి. అంటే వెళ్ళేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. ఎదురీత ఇరుకు చోట్ల, సొరంగాల్లో బాగా తెలుస్తుంది. 22 గంటలకు ఇంకో రెండు గంటలు కలుపుకోండి. చుట్టాల కోసం వెళ్ళే ప్రయాణంలో మొత్తం మీద ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం నా ఉద్దేశంలో తప్పనిసరి. ఆ రోజు మిగిలిపోతే ఎల్స్‌మీర్‌లో సరస్సు గట్టున గడపొచ్చు, దండగ కాదు.

ఆలస్యం ఎక్కడవుతుందో ముందే చెప్పొచ్చు. గ్రిండ్లీ బ్రూక్‌లో ఆరు లాకులు, వాటిలో మూడు మెట్ల లాకులు, అంటే ఒకదాని పై తలుపే తరవాతి దానికి కింది తలుపు. మధ్యలో ఎదురుపడితే దారి లేదు కాబట్టి పైకెక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ వంతులవారీగా పంపుతారు. సీజన్‌లో లాకు కీపరుంటాడు, ఆయన చెప్పినట్టు ఆగాలి. జులై, ఆగస్టుల్లో ఇక్కడ గంటా రెండు గంటలు నిలబడడం మామూలే. ఆ తరవాత పదిహేను మైళ్ళకు పైగా లాకే లేదు, హాయిగా సాగుతుంది. చివర్న న్యూ మార్టన్‌లో రెండు లాకులు, అక్కడా వరసే. న్యూ మార్టన్ దాటితే లాంగోలెన్ దాకా మరి లాకుల్లేవు. అందుకే చుట్టాలకు కచ్చితమైన మాట ఇవ్వడం న్యూ మార్టన్ పైకి చేరాకే మంచిది.

నవంబరు నుంచి మార్చి దాకా లాకుల మరమ్మతులు పెట్టుకుంటారు, కాలువ ఎక్కడో ఒకచోట మూసి ఉంటుంది. కాలువల్ని చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ళ సైటులో మూసివేతల నోటీసులు పెడతారు. టికెట్లు కొనే ముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు మరోసారి చూడాలి.

ఎక్కడ కలవాలి? రైలుందా లేదా అన్నదే ముఖ్యం. రెన్‌బరీకీ విట్‌చర్చ్‌కీ స్టేషన్లున్నాయి కానీ రెండు చోట్లా కాలువ నుంచి కొంత నడవాలి. ఎల్స్‌మీర్ అందమైన ఊరు, కాలువ చీలిక ఊళ్ళోకే వెళ్ళి సూపర్‌మార్కెట్ పక్కన ఆగుతుంది, సరుకులకు ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ రైలు లేదు, కారులో వచ్చేవాళ్ళకే పనికొస్తుంది. చర్క్ స్టేషన్ మాత్రం కాలువను ఆనుకునే ఉంటుంది. బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీ మీదుగా నేరుగా రైలుంది, లండన్ నుంచైతే ఒకచోటైనా మారాలి. 60 నిండినవాళ్ళు ఎవరైనా, సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళైనా సరే, సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోవచ్చు. టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. అమ్మానాన్నలిద్దరూ లండన్ నుంచి వస్తుంటే దాని ఖరీదు ఒక్క ప్రయాణంలోనే చాలావరకు తిరిగొచ్చేస్తుంది.

చిరునామా చెప్పడంలో చాలామంది పొరపడతారు. కాలువ గట్టుకు పిన్‌కోడ్ ఉండదు, దగ్గరి ఇంటి కోడ్ ఇస్తే టాక్సీ కాలువ అవతలి వైపు దింపుతుంది. అవతలి గట్టు నుంచి ఇవతలికి రావాలంటే వంతెన దాకా అర మైలు నడక. పడవవాళ్ళు వంతెన నంబరు చెబుతారు, ప్రతి వంతెన మీదా చిన్న పలక మీద అంకె ఉంటుంది. ఇక్కడో చిక్కు. ఈ కాలువ మీద ఫ్రాంక్టన్ దగ్గర అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి, చివర డబ్ల్యూ అక్షరం చేరుతుంది. 20 నంబరు రెన్‌బరీలో ఎత్తే వంతెన. 20డబ్ల్యూ చర్క్‌కు కాస్త ముందుంది. రెండింటికీ మధ్య 25 మైళ్ళకు పైనే. ఫోన్లో చెప్పేటప్పుడు ఆ అక్షరం మింగేస్తే ఇక అంతే. వంతెన నంబరుతో పాటు ఫోన్లో మ్యాప్ పిన్ పంపి, కాలిబాట ఏ గట్టున ఉందో కూడా ఒక మాట రాయండి.

చర్క్‌లో ఎలా కలిస్తే బాగుంటుందో కాస్త విడమరిచి చెబుతాను. పడవను స్టేషన్ దగ్గర కట్టాలనే అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే చుట్టాలు అక్కడి మొదటి రెండు వింతల్ని కోల్పోతారు. స్టేషన్ చర్క్ సొరంగానికి ఉత్తరం వైపుంది. చర్క్ అక్విడక్టు సొరంగానికి దక్షిణాన. కాబట్టి ముందు రోజు సాయంత్రం అక్విడక్టుకు ఇవతలే, చర్క్ బ్యాంక్ గట్టున పడవ కట్టేయండి. పొద్దున ఇద్దరు నడుచుకుంటూ స్టేషన్‌కు వెళ్ళి చుట్టాల్ని తీసుకురావాలి. అక్విడక్టు మీది కాలిబాట వెంట నడిచి వస్తుంటే, పక్కనే ఇంకా ఎత్తులో రైలు వంతెన, అడుగున లోయలో కైరియోగ్ నది కనిపిస్తాయి. పెద్దవాళ్ళకు పెట్టెలుంటే చక్రాలవి కాకుండా భుజానికి తగిలించుకునే సంచులే తెమ్మనండి. పడవలో పెద్ద పెట్టె పెట్టే చోటు కూడా ఉండదు.

అందరూ ఎక్కాక బయల్దేరితే మొదట 1801లో కట్టిన చర్క్ అక్విడక్టు, అది దాటగానే 421 మీటర్ల సొరంగం. అందులో ఒక పడవకే చోటు. లోపల ఎదురు దీపం కనిపిస్తే ఆగాలి. ముందు దీపం వేసి, కొత్తవాళ్ళు చేతులు, మోచేతులు పడవ అంచు దాటనివ్వకుండా చూసుకోవాలి, గోడ జానెడు దూరంలో ఉంటుంది. ఎదురునీటికి పడవ నత్తలా కదులుతుంది. ఆగిపోయిందని కంగారుపడి ఇంజన్ పెంచితే వెనకభాగం కిందికి కుంగి ఇంకా నెమ్మదిస్తుంది. పెంచకుండా అలాగే పోనివ్వాలి. తరవాత వైట్‌హౌసెస్ అనే చిన్న సొరంగం, 175 మీటర్లు. అక్కడి నుంచి డీ లోయ విచ్చుకుంటుంది.

పొంట్‌కసల్టె అక్విడక్టుకు ముందు ఫ్రాన్‌కసల్టె అనే పల్లె వస్తుంది. ఇక్కడ ఒక ఎత్తే వంతెన ఉంది, దాన్ని తిప్పడానికి ఒకరు దిగాలి. ఇక్కడే కాసేపు ఆగి, ఎవరు పడవలో, ఎవరు నడుస్తారో తేల్చుకోండి. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టించిన ఈ అక్విడక్టు 1805లో తెరిచారు. పొడవు 307 మీటర్లు, నదికి 38 మీటర్ల ఎత్తు. రాతి స్తంభాల మీద పోత ఇనుప పలకలు బిగించి చేసిన తొట్టి, అందులో నీళ్ళు, నీళ్ళలో పడవ. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, చుట్టూ ఉన్న 18 కిలోమీటర్ల కాలువతో సహా.

దీని మీద ఏం కనిపిస్తుందో ముందే చెప్పి ఉంచాలి. ఒక వైపు కాలిబాట, దానికి ఇనుప కంచె. రెండో వైపు ఏమీ లేదు. తొట్టి అంచు నీటికి కొన్ని అంగుళాల పైన ఆగిపోతుంది. పడవలో కూర్చున్న మనిషికి ఆ అంచు కూడా కనపడదు, పడవ పక్క నుంచి చూపు తిన్నగా చెట్ల తలల మీదికి, నది మీదికి పడుతుంది. ఎత్తంటే భయపడేవాళ్ళు లోపల, కాలిబాట వైపు కిటికీ దగ్గర కూర్చుంటే సరిపోతుంది. పిల్లలు ముందు భాగంలోని గొయ్యిలాంటి చోట కూర్చోవాలి, లైఫ్ జాకెట్లు ఫ్రాన్‌కసల్టె దగ్గరే తొడగాలి. పైకప్పు మీద ఎవరూ ఉండకూడదు. చుక్కాని పట్టేవాళ్ళకు భయం వేస్తే పక్కకు చూడకుండా ముందు కొసనే చూడాలి. పడవ తొట్టిలోంచి ఎటూ పోలేదు, రెండు పక్కలా ఇనుమే దారి చూపిస్తుంది.

సగం మంది ముందే కాలిబాట మీద నడిచి వెళ్ళి మధ్యలో నిలబడితే, వచ్చే పడవనూ అందులో ఉన్నవాళ్ళనూ ఫోటో తీయొచ్చు. అక్విడక్టు అవతలి కొసన ఉన్న ట్రెవర్ చేరాక, నడిచినవాళ్ళు పడవ ఎక్కలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఇదే దాటుతారు, అప్పుడు వంతులు మార్చుకోవచ్చు. మెట్లు దిగి మీ పడవలోకి రాలేని పెద్దవాళ్ళుంటే ట్రెవర్ నుంచి అక్విడక్టు మీదికి తిప్పి తెచ్చే విహార పడవలున్నాయి, అవి నయం.

ట్రెవర్ నుంచి లాంగోలెన్ నాలుగైదు మైళ్ళే కానీ తేలిక కాదు. కొండ అంచున తవ్విన దారి కావడంతో మూడు చోట్ల కాలువ ఒక్క పడవకే సరిపోతుంది. ఒక మనిషిని ఫోనిచ్చి ముందు నడిపించి, అవతలి నుంచి ఎవరూ రావడం లేదని తెలిశాకే పడవను లోపలికి తేవాలి. లోయలో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది, చేత్తో సైగలు ముందే అనుకోండి. లాంగోలెన్ బేసిన్‌లో, అంటే పడవలు కట్టుకునే కొలనులో, చోటు మధ్యాహ్నానికే నిండిపోతుంది, పొద్దునే బయల్దేరి పన్నెండు లోపు చేరాలి. పడవ తిప్పుకోవడానికీ ఆ బేసినే దిక్కు. అరవై అడుగుల పడవ కాలువలో ఎక్కడంటే అక్కడ తిరగదు, తిప్పడానికి వెడల్పు చేసిన చోట్లే చూసుకోవాలి. వాటిని విండింగ్ హోల్ అంటారు. గాలిని విండ్ అన్నట్టే దీన్నీ పలకాలి, వైండ్ అని పలికితే కాలువ మనుషులు సరిదిద్దుతారు.

లాంగోలెన్ దాటాక ఇంజన్ పడవల్ని పోనివ్వరు. మిగిలిన రెండు మైళ్ళు గుర్రం లాగే పడవలవి. పెద్దవాళ్ళను వాటిలో కూర్చోబెట్టండి, కుర్రాళ్ళు కాలిబాట వెంట హార్స్‌షూ ఫాల్స్ దాకా నడవొచ్చు. డీ నది ఒడ్డున స్టేషన్ నుంచి కార్వెన్ దాకా పది మైళ్ళు పాత ఆవిరి రైలు నడుస్తుంది, నడిచే రోజులు ముందే చూసుకోవాలి. కొండ మీది దినాస్ బ్రాన్ కోట శిథిలాలకు గంట ఎక్కుడు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను బలవంతపెట్టకండి. జులైలో ఊళ్ళో అంతర్జాతీయ సంగీతోత్సవం జరుగుతుంది, 1947 నుంచీ ఉంది. ఆ వారం పడవ కట్టే చోటు మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

పెద్దవాళ్ళు ఎక్కడానికి పడవ వెనక వైపు కన్నా ముందు వైపు వీలు. అనుమతించిన కట్టుడు చోట్లలో గట్టు నిలువుగా ఉండి పడవ ఆనుకుంటుంది. మిగతా చాలాచోట్ల అంచున లోతుండదు, పడవకూ గట్టుకూ మధ్య రెండు మూడడుగులు మిగులుతుంది, పలక వేయాల్సి వస్తుంది. లోపలికి మెట్లు నిటారుగా ఉంటాయి, వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగమనండి. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోవాలి, లేదా ఆ రెండు రోజులూ పంజాబీ డ్రెస్ వేసుకుంటే నిశ్చింత. పాదాలకు పట్టీ ఉన్న చెప్పులో బూట్లో ఉండాలి. గట్టుకు తగలబోతున్న పడవను కాలితో తోసి ఆపాలని కొత్తవాళ్ళకు ఎవరికైనా అనిపిస్తుంది. అది పది పదిహేను టన్నుల ఉక్కు, కాలు నలిగిపోతుంది. ఎక్కీ ఎక్కగానే చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

చుట్టాలు లాకులున్న భాగంలో కూడా ఉండేటట్టయితే గడప గురించి చెప్పాలి. లాకు పై తలుపు కింద రాతి గడప ఉంటుంది. దిగేటప్పుడు నీరు తగ్గుతుంటే అది బయటపడుతుంది. పడవ వెనకభాగం దాని మీద చిక్కుకుంటే ముందు భాగం నీటితో పాటు దిగిపోతుంది, నిమిషాల్లో పడవ మునుగుతుంది. గడప ఎక్కడిదాకా ఉందో లాకు గోడ మీద తెల్ల గీత ఉంటుంది, పడవ మొత్తం దానికి ముందే ఉండాలి. తేడా కనిపిస్తే వెంటనే కింది తూములు మూసి, ఆ తరవాత పై తూములు తెరవాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది, చుక్కాని దగ్గరున్న మనిషి చుట్టాలతో మాటల్లో పడినప్పుడే. లాకులో ఉన్నంతసేపూ కబుర్లు వద్దని మొహమాటపడకుండా చెప్పేయండి.

ఎంతమంది ఎక్కొచ్చో అద్దెకిచ్చినవాళ్ళను ముందే అడగాలి. పడకలు ఆరైతే పగటిపూట ఎనిమిది మందిని ఎక్కించుకోవచ్చా లేదా అన్నది వాళ్ళ బీమాను బట్టి ఉంటుంది, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

వంట దగ్గర మిక్సీ, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, కెటిల్ మరిచిపోండి, చాలా పడవల్లో ఇన్వర్టర్ వాటిని లాగలేదు. గ్యాసు పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ చక్కగా పనిచేస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, కొబ్బరి, పొడులు ఇంటి దగ్గరే చేసుకుని రావాలి. చుట్టాలు వచ్చే రోజు మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం పొద్దునే కలిపి పెట్టుకుంటే అక్విడక్టు రోజున పొయ్యి దగ్గర ఎవరూ ఇరుక్కుపోరు.

వేడినీళ్ళు ఇంజన్ తిరిగితేనే వస్తాయి. కట్టేసి ఉన్న పడవలో రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజన్ నడపకూడదు. ఎనిమిది మంది పొద్దున ఆరింటికి తలంటు పోసుకోవాలంటే నీళ్ళు చాలవు. సాయంత్రం పడవ ఆగే ముందు సగం మంది స్నానాలు కానిచ్చుకోవాలి. చుట్టాలు రావడానికి ముందు రోజే నీళ్ళ ట్యాంకు నింపి, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయించి ఉంచండి. నలుగురికి వారం వచ్చేది ఎనిమిది మందికి మూడు నాలుగు రోజులే.

వెనక్కి పంపేటప్పుడు చర్క్ దాకా రానక్కర్లేదు. లాంగోలెన్ నుంచైనా ట్రెవర్ నుంచైనా బస్సులోనో టాక్సీలోనో రుయాబన్ వెళితే అదే రైలు మార్గం దొరుకుతుంది. ఆ రైళ్ళు తరచుగా ఉండవు, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. అందుకే రైలు రోజున పడవ ప్రయాణం పెట్టుకోవద్దు.

ముందు రోజు రాత్రి కుటుంబం గ్రూపులో పెట్టాల్సిన కబురు ఇంత ఉంటే చాలు: “అత్తయ్యా, మావయ్యా, పడవ చర్క్‌లో కట్టేశాం, రేపు మీరొచ్చేదాకా కదలదు. రైలు దిగాక స్టేషన్ బయటే ఉండండి, అల్లుడు, పిల్లలు వచ్చి తీసుకొస్తారు. పావుగంట నడక, బాట చదునుగా ఉంటుంది. రైలు ఆలస్యమైనా కంగారుపడకండి. సంచీలో పైన ఒక స్వెట్టరు పెట్టుకోండి, సొరంగంలో చలి.”